ఎల్డర్‌కోట్ కప్పు మీద రెండు బూట్లు

మాట్లాక్,
24 ఏప్రిల్ 2022

ప్రియమైన టాంసిన్‌కి,

ముందుగా ఒక దిద్దుబాటు. నీ ఉత్తరంలో మీ ముత్తాతను 'ఎల్డర్‌కోట్ భవనానికి కప్పు వేసిన మేస్త్రీ' అని రాశావు. మేస్త్రీ కాదు, ప్లంబరు. ఇప్పుడు ప్లంబరంటే వంటింటి తూము పూడుకుపోతే వచ్చి, చేతులు తుడుచుకోకుండా టీ అడిగే మనిషి. ఆ రోజుల్లో ప్లంబరంటే సీసం పనివాడు. సీసాన్ని కరిగించి, ఇసుక పరిచిన బల్ల మీద పోసి, రేకు తీసి, అంత పెద్ద రాతి భవనం నెత్తిన దుప్పటి కప్పినట్టు కప్పేవాడు. మా నాన్న ఏమోస్ బంటింగ్ ఆ జాతి ప్లంబరు. చివరి పదమూడేళ్లూ తూములే తీశాడనుకో, అది వేరే సంగతి.

ఫోను ఎందుకు ఎత్తవని అడిగావు. ఫోనులో నువ్వు చెప్పేది సగం నా చెవిటి చెవిలోకి పోతుంది, మిగతా సగం నీ పరంజా మీది గాలికి పోతుంది. ఉత్తరమైతే అంతా దక్కుతుంది, నీ అక్షరదోషాలతో సహా. ముప్ఫై ఐదేళ్లు పిల్లలకి లాటిన్ చెప్పి రిటైరైన దానికి అదొక కాలక్షేపం.

నువ్వు పాత భవనాల మరమ్మతు చదువుతానన్నప్పుడు మీ అమ్మ నెత్తి కొట్టుకుంది. నేను కొట్టుకోలేదు. కానీ దేశంలో ఇన్ని భవనాలుండగా నీకు మొదటి ఉద్యోగం ఎల్డర్‌కోట్‌లోనే దొరకాలా? అక్కడ భవనం ఆలనాపాలనా చూసే ట్రస్టువాళ్లు కప్పంతా విప్పి కొత్త సీసం వేయిస్తున్నారని పేపర్లో చదివాను. మంచిదే. గ్రంథాలయం గది వైపు విప్పేటప్పుడు ఏమైనా కనిపిస్తే, నాకు ప్రత్యేకించి రాయనక్కర్లేదు.

పిల్లి కేటో కులాసా. నిన్న పాలవాడి చేయి రక్కాడు. ఉన్ని బనీను వేసుకో. ఆ కొండ మీద మే నెల కూడా నమ్మదగింది కాదు.

నీ మేలు కోరే
అమ్మమ్మ హెస్టర్

*

ఎల్డర్‌కోట్,
9 మే

నా బంగారు అమ్మమ్మకి,

సరే, ప్లంబరు. వందసార్లు రాయమంటే రాస్తాను.

రాయొద్దన్నదే రాస్తున్నాను, తిట్టుకో. గ్రంథాలయం గది మీది భాగంలో సీసం కనబడకుండా ఎవరో ఎప్పుడో తారుగుడ్డ అంటించారు. 1961లో ఆ గది సీలింగు కూలిపోయాక చేసిన పనట. పోయిన సోమవారం దాన్ని వలిచాం. కింద ఏం బయటపడిందో తెలుసా? పక్కపక్కనే రెండు బూట్ల ఆకారాలు! సీసం మీద గీతలతో. ఒకటి నా చెయ్యంత పొడుగు, లోపల 'ఏ.బి. 1952' అని ఉంది. రెండోది చిన్నది, చిన్నపిల్ల బూటు. లోపల 'హెచ్' ఒక్కటే, అదీ గాడిపడేంత గట్టిగా.

కప్పు పూర్తయిన రోజున ప్లంబర్లు తమ బూటు చుట్టూ గీత గీసి పేరు పెట్టుకోవడం ఆనవాయితీ అట. మా పెద్ద పనివాడు ఓలరెన్‌షా చెప్పాడు. ఈ కప్పు మీద మొత్తం ఇరవై రెండు దొరికాయి. అయితే చిన్నపిల్లది ఇదొక్కటే. "ఎవరమ్మా ఈ హెచ్? పిల్లనెక్కించిన మొనగాడెవరు?" అని అందరూ అడుగుతున్నారు. నాకు తెలుసనిపించింది. నువ్వేగా?

ఇలాంటివాటిని చుట్టూ కోసి తీసి, కొత్త కప్పు మీద మళ్లీ అతికిస్తారు. మిగతా పాత సీసం పోతశాలకు వెళ్లి, కరిగి, కొత్త రేకులై తిరిగొస్తుంది.

ఇంకొకటి. చెప్పాలా వద్దా అని మూడు రోజులు తటపటాయించాను. వచ్చేవాళ్లు చదవడానికి గదిలో ఒక బోర్డు పెడుతున్నారు. ట్రస్టులో చరిత్ర రాసే పెవరెల్ దాని నమూనా చూపించాడు. "1952లో ఎస్టేటు ప్లంబరు నిర్లక్ష్యంగా వేసిన కప్పు కారడంతో, మూడు వందల ఏళ్ల నాటి ద్రాక్షతీగల నగిషీ సీలింగు 1961లో కూలింది" అని ఉంది. ఆ ప్లంబరు మా ముత్తాత అని అతనికి తెలియదు. నాకు ఒళ్లు మండింది. "ఆధారం ఏమిటి?" అన్నాను. "అప్పటి మేనేజరు నివేదిక," అన్నాడు. "ఇంకో ఆధారం తెస్తే మారుస్తాను. జూన్ పదిలోగా తేవాలి మరి, అచ్చుకి పోతుంది."

నీకేమైనా తెలుసా అమ్మమ్మా? ఒక్క ముక్క రాసినా చాలు.

నీ టాంసిన్

*

మాట్లాక్,
12 మే

టాంసిన్‌కి,

ఆ రేకుని కోసి దాచొద్దు. అన్నిటితోపాటు కరిగించమను. సీసం ఉన్నదే అందుకు, మళ్లీ మళ్లీ కొత్తగా పుట్టడానికి. మనుషులకి లేని వెసులుబాటు దానికుంది, వాడుకోనీ.

బోర్డు మీద ఏం రాస్తే అది రాసుకోమను. చదివేవాళ్లు ఎలాగూ ముందు టీ దుకాణం ఎటో చూసుకుంటారు.

రూబార్బ్ జామ్ సీసా పంపుతున్నాను. మూత గట్టిగా ఉంది, ఓలరెన్‌షా చేత తీయించు.

హెస్టర్

*

ఎల్డర్‌కోట్,
29 మే

అమ్మమ్మా,

జామ్ అయిపోయింది. మధ్యలో నేను రాసిన రెండు ఉత్తరాలకీ జవాబు లేదు. అమ్మని అడిగితే, "బాగానే ఉంది, పోస్టుమాన్‌తో వ్యాకరణం గురించి పోట్లాడుతోంది" అంది. అంటే నామీదే అలిగావన్నమాట.

నిన్ను ఇరవై ఆరేళ్లుగా ఎరుగుదును. నువ్వు కోపంగా ఉంటే నాలుగు పేజీలు రాస్తావు. బాధగా ఉంటేనే నాలుగు వాక్యాలు రాస్తావు. చివర 'నీ అమ్మమ్మ' అని కూడా పెట్టలేదు.

రేకులు వచ్చే శుక్రవారం పోతశాలకు వెళ్తున్నాయి. నువ్వు కరిగించమంటే కరిగిస్తాను, పేరు నీది. ఎందుకో మాత్రం చెప్పు. చెప్పకపోతే బూట్ల రేకు లారీ ఎక్కదు. దాని మీద నేను కూర్చుంటాను. ఓలరెన్‌షా నాకు టీ అందిస్తానన్నాడు.

నీ మొండి మనవరాలు

*

మాట్లాక్,
31 మే

ప్రియమైన టాంసిన్,

సీసం మీద ఎక్కువసేపు కూర్చోకు, ఆరోగ్యానికి మంచిది కాదు. చెబుతాను. దీన్ని మీ తాతకి కూడా చెప్పలేదు. నలభై ఏళ్ల కాపురంలో ఆయన అడక్కపోవడం ఆయన గొప్ప.

1952 సెప్టెంబరులో ఒక శనివారం. నాకు తొమ్మిదేళ్లు. అమ్మ మా తమ్ముణ్ని కని మంచం మీదుంది. నన్ను చూసుకునేవాళ్లు లేక నాన్న పైకి తీసుకెళ్లాడు. గ్రంథాలయం మీది రేకులన్నీ పరవడం ఆ రోజుకే పూర్తయింది. తన బూటు పెట్టి, మొద్దు మేకుతో చుట్టూ తేలిగ్గా ఒక గీత గీశాడు. నా మొహం చూసి, "నీదీ పెట్టవే," అన్నాడు. నా బూటు చుట్టూ కూడా గీసి, హెచ్ నన్నే పెట్టుకోమన్నాడు. "గిచ్చితే చాలు పిల్లా, సీసం మర్చిపోదు. కొయ్యకు, కోస్తే నీళ్లు దూరతాయి."

సామాను దించడానికి కిందికెళ్లాడు. ఆయన గీత పక్కన నా గీత వెలవెలబోతోంది. ఇంత ఇంటి మీద నా పేరు వానకి చెరిగిపోతుందేమోనని బెంగపట్టుకుంది. ఆయన వంపుకత్తి అక్కడే ఉంది. తీసి, బూటు చుట్టూ నాలుగుసార్లు లాగాను. హెచ్ మీద ఎన్నిసార్లో లెక్కే లేదు. నాన్న వచ్చాడు, వంగి చూశాడు. కత్తి తీసుకున్నాడు. "దిగు ఇంక, అమ్మ ఎదురుచూస్తుంటుంది," అన్నాడంతే.

తొమ్మిదేళ్లు గడిచాయి. 1961 డిసెంబరులో నేను కాలేజీ నుంచి మొదటి సెలవులకు వచ్చి రెండు రోజులైంది. మూడు రోజులు కురిసిన వానకి సీలింగు కూలింది, సరిగ్గా ఆ భాగం కిందే. ఎస్టేటు మేనేజరు కెప్టెన్ డాక్రే మా గుమ్మంలోకి వచ్చాడు. నేను తలుపు వెనక సూప్ గిన్నెతో నిలబడి ఉన్నాను.

"సీసం తూట్లు పడింది, బంటింగ్. నీ పనే అది. చెప్పుకునేదేమైనా ఉందా?"

"లేదండీ."

"ఏమీ లేదా? దొరగారు అడగమన్నారు."

"ఏమీ లేదండీ."

నోరు తెరిస్తే నా పేరు వస్తుందని నాన్న ఊరుకున్నాడు. ఆయన ఎందుకు ఊరుకున్నాడో తెలిసీ నేనూ ఊరుకున్నాను. ఇల్లు ఉద్యోగంతో పాటు ఇచ్చిందే, మార్చి చివర లేడీ డే గడువు నాటికి ఖాళీ చేశాం. మాట్లాక్ వచ్చి, కప్పులు వేసిన చేతులతో తూములు తీశాడు. పదమూడేళ్లు. ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. గుమ్మడికాయల దొంగలా అరవై ఏళ్లుగా భుజాలు తడుముకుంటూనే ఉన్నాను. వాన పడితే ఇప్పటికీ సీలింగు వైపు చూస్తాను.

ఆ రేకు కోసి ఎక్కడైనా పెడితే, "ఆహా, ఎంత ముచ్చటగా ఉందో" అంటూ జనం నా నేరాన్ని ఫొటోలు తీసుకుంటారు. అందుకే కరిగించమన్నాను. లేదంటే, పెవరెల్‌కి ఈ ఉత్తరం చూపించు. 'ప్లంబరు' అన్న చోట 'ప్లంబరు కూతురు' అని మార్చుకోమను. మా నాన్న పేరు బాగుపడుతుందంటే నా పేరు ఎటు పోయినా పరవాలేదు. ముందే ఆ మాట అనాల్సింది. ధైర్యం చేయడానికి డెబ్బై తొమ్మిదేళ్లు పట్టింది.

నీ
అమ్మమ్మ

*

ఎల్డర్‌కోట్,
3 జూన్

నా పిచ్చి అమ్మమ్మకి,

నీ ఉత్తరం పరంజా మెట్ల మీద కూర్చుని చదివాను. ఏడ్చాను. తర్వాత లేచి, ఓలరెన్‌షాతో, "ఆ రేకు తిరగేద్దాం," అన్నాను. పైనుంచే చూస్తున్నాం గానీ దాని అడుగు ఎవరూ చూడలేదు.

నలుగురం కలిసి చాపలా చుట్టి తిరగేశాం. జాగ్రత్తగా చదువు. నీ బూటు కింద సీసం అద్దంలా ఉంది. గీత జాడే లేదు. కొలిచాను. రేకు మందం మూడున్నర మిల్లీమీటర్లు, నీ కత్తి దిగింది ఒకటి. అదీ కాక, గాడి అంచులు ఎవరో చెక్కసుత్తితో నెమ్మదిగా తట్టి నొక్కేసి ఉన్నాయి. ఓలరెన్‌షా వేలితో తడిమి చూశాడు. "చూసినవాడెవడో అప్పుడే సరిచేశాడమ్మా. ఇందులోంచి చుక్క దిగదు. వందేళ్లైనా దిగదు."

తూట్లు ఉన్న మాట నిజమే. అవి నీ బూటుకి గజం దూరంలో, కప్పు అంచున వాననీళ్లు పోయే కాలవ వైపు ఉన్నాయి. అన్నీ అడుగు నుంచి పైకి తిన్నవే. పట్టుకుంటే పిండిలా తెల్లటి పొడి రాలింది. (మాస్కులు వేసుకున్నాం, కంగారు పడకు.) కింద చెక్కలు చూసి ఓలరెన్‌షా టోపీ తీశాడు. మిగతా కప్పంతా దేవదారు చెక్క. ఈ ఒక్క భాగంలో ఓక్!

"పచ్చి ఓక్ మీద సీసం పరిచారా! పిల్లిని పాలకుండ మీద కూర్చోబెట్టినట్టే. ఓక్‌లో పులుపుంటుంది. చెమ్మ తగిలితే ఆ పులుపు సీసాన్ని తినేస్తుంది."

"మా ముత్తాతకి ఆ సంగతి తెలియదా?" అన్నాను.

"తెలియకపోవడమేంటి తల్లీ! మా పనిలో మొదటి వారం నేర్పేదే అది."

అప్పుడు కనిపించింది. మధ్య చెక్క మీద వడ్రంగి పెన్సిలుతో రాసి ఉంది. ఎప్పటికైనా సీసం ఎత్తేవాడు చదవాలని రాసినట్టుంది. ఉన్నదున్నట్టు దించుతున్నాను:

'దేవదారు వేద్దామని రెండుసార్లు చెప్పాను. అబ్బాయి చెట్టు ఆ గది మీదే ఉండాలన్నారు దొరగారు. మూడోసారి చెప్పడానికి నోరు రాలేదు. పదేళ్లు ఆగుతుంది. రేపు మా పిల్లని పైకి తెస్తాను, ఎండగా ఉంటే. ఏమోస్ బంటింగ్, ప్లంబరు. 12 సెప్టెంబరు 1952.'

నీవల్ల కాదు అమ్మమ్మా. ఎప్పుడూ నీవల్ల కాదు.

ఏ అబ్బాయి? ఏ చెట్టు? పెవరెల్ ఈ చెక్క చూసి నోరెళ్లబెట్టాడు. "బోర్డు ఎలా కావాలంటే అలా మారుద్దాం, అసలు కథంతా పెడదాం," అంటున్నాడు. ఏం పెట్టాలో నువ్వే చెప్పాలి.

ఇంకొకటి. కొత్త సీసంలో చివరి రేకు పద్దెనిమిదో తేదీ శనివారం వేస్తారు. మేమందరం బూట్లు గీసుకుంటాం. ఒక చోటు ఖాళీగా ఉంచమన్నాను. సామాను ఎక్కించే లిఫ్టు ఉంది. "మీ అమ్మమ్మ సిమెంటు బస్తా కంటే బరువుంటుందా?" అని ఓలరెన్‌షా అడిగాడు.

నీ టాంసిన్

*

మాట్లాక్,
7 జూన్

నా ప్రియమైన టాంసిన్,

ఓలరెన్‌షాకి చెప్పు, సిమెంటు బస్తాకి ఇన్ని అభిప్రాయాలుండవని.

నీ ఉత్తరం నాలుగు రోజులుగా టీ కుండ కింద ఉంది. రోజుకోసారి తీసి చదువుతున్నాను. మొదటిరోజు చదివి పెరట్లోకి వెళ్లి రూబార్బ్ మొక్కలన్నిటికీ నీళ్లు పోశాను, వాన పడుతుండగానే. పక్కింటావిడ కిటికీలోంచి చూసి మీ అమ్మకి ఫోను చేసింది.

అబ్బాయి పేరు హ్యూ. మా దొరగారు సర్ గాడ్‌ఫ్రీకి ఒక్కడే కొడుకు. 1944లో ఇటలీలో పోయాడు, ఇరవై ఏళ్లకి. చిన్నప్పుడు పార్కులో ఉన్న పెద్ద ఓక్ చెట్టు మీదే ఉండేవాడట, వాన వస్తే గ్రంథాలయంలో బల్ల కింద పుస్తకంతో దూరేవాడట. ఆ చెట్టు 1951 చలికాలం గాలివానకి పడిపోయింది. దొరగారు దాన్ని కోయించి చెక్కలు చేయించారని ఊళ్లో అందరికీ తెలుసు. ఎక్కడ పెట్టారో ఎవరికీ తెలియదు. బల్ల చేయించుకున్నారేమో అనుకున్నాం. ఆ తండ్రి ఆ చెట్టుని తీసుకెళ్లి, కొడుకు దూరిన బల్ల మీద గొడుగులా పెట్టుకున్నాడన్నమాట.

ఇంక డాక్రే మా గుమ్మంలో నిలబడి, "దొరగారు అడగమన్నారు" అన్నప్పుడు మా నాన్న ఏం చెప్పాలి? 'మీ అబ్బాయి చెట్టే మీ సీలింగుని కూల్చింది' అనా? ముసలాయనకి అప్పటికి ఎనభై దాటాయి. 'ఏమీ లేదండీ' అన్నాడు. నేను విన్న మాట అదే. ఎవరికోసం అన్నాడో మాత్రం అరవై ఏళ్లు తప్పుగా విన్నాను.

నిజం చెప్పనా, కొంచెం ఈర్ష్యగా ఉంది. మా నాన్న నా కోసం బతుకు పోగొట్టుకున్నాడని ఇన్నేళ్లూ కుమిలిపోయాను గానీ, లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది. తీరా చూస్తే ఆయన పోగొట్టుకున్నది దొరగారి కోసం. నా వంతుకి వచ్చింది నాలుగు సుత్తి దెబ్బలు. దిగు పిల్లా అని నన్ను పంపేసి, గాడి నొక్కేశాడు. అంతటితో ఆయనకి ఆ సంగతి అయిపోయింది. ఒక్కసారి అడిగి ఉంటే నవ్వేవాడు. ఇద్దరం ఒకే ఇంట్లో, ఒకే టీ కుండ చుట్టూ కూర్చుని, పదమూడేళ్లు అడక్కుండా గడిపాం. ఈ దేశంలో దీన్ని మర్యాద అంటారు.

'పదేళ్లు ఆగుతుంది' అన్నాడు. తొమ్మిదే ఆగింది. ఎప్పుడూ అంతే ఆయన, మంచే జరుగుతుందనుకునే మనిషి.

ఇక పెవరెల్ బోర్డు. 'నిర్లక్ష్యంగా' అన్న మాట కొట్టేయాలి. దాని బదులు, 'ఈ గది మీద సీసం పరిచినవాడు ఏమోస్ బంటింగ్, ప్లంబరు, 1952. చెక్కల గురించి అతను ముందే హెచ్చరించాడు' అని పెట్టమను. అంతే. చెట్టు సంగతి వద్దు, అబ్బాయి సంగతి వద్దు. చచ్చినవాళ్ల దగ్గర మొహమాటమేమిటంటావు. మా నాన్న మూడోసారి అనలేకపోయిన మాటని, టిక్కెట్టు కొన్నవాళ్లంతా చదివేలా నేను అచ్చు వేయించను. మీ రికార్డు గదిలో కాగితం మీద పూర్తిగా రాసి పెట్టుకోండి. కావలసినవాడు వెతుక్కుంటాడు. ఆ చెక్కని మాత్రం లోపల పొడిచోట భద్రం చేయించు. సీసానికి దూరంగా.

బూట్ల రేకు కరిగించొద్దు. ఆయన పక్కనే నన్నూ ఉంచండి, ఉన్నది ఉన్నట్టు, గాడితో సహా.

నీ నేరం లేని
అమ్మమ్మ

తా.క. పద్దెనిమిదిన వస్తున్నాను. నన్ను తీసుకెళ్లడానికి వచ్చేటప్పుడు బ్యాంకు వీధిలో చెప్పులు కుట్టే హిగ్‌బాటమ్ దగ్గర ఆగి నా గోధుమరంగు బూట్లు తీసుకురా, మడమలు వేయమని ఇచ్చాను. చీటీ ఇందులో పెట్టాను, అది లేకపోతే రాణిగారికైనా ఇవ్వడు. పక్క దుకాణంలో వడ్రంగి పెన్సిలు ఒకటి కొను. చెక్కించకు, మొద్దుగానే ఉండనీ.